కథల తాత ఇంటి పిల్లలు

కృష్ణగిరి,
జనవరి 20, 2025

ధన్య వదినకు,

నమస్కారం. ఈ చేతిరాత మీకు కొత్త. నేను అమృతను, మీ తమ్ముడు అమర్‌నాథ్ భార్యను. పెళ్ళై ఇన్నేళ్ళయినా మనిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కృష్ణగిరికీ హోసూరుకూ మధ్య ఏమంత దూరం చెప్పండి! ఈ ఇంటి నుంచి ఎవరు ఫోన్ చేసినా మీరు ఎత్తరని ఆయన అన్నారు. నేనూ ప్రయత్నించి చూశాను. ఇంక ఇదే దారి అనుకుని పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. కౌంటర్లో ఉన్న అమ్మాయి నన్ను ఏదో పాతకాలపు మనిషిని చూసినట్టు చూసింది.

విషయానికొస్తాను. మే నెలలో మామకు ఎనభై ఏళ్ళు నిండుతాయి. తెలుగు సంఘం వాళ్ళు ఇక్కడి కల్యాణ మండపంలో పెద్ద సన్మానం పెట్టుకున్నారు. హోసూరు, మత్తూరు, కుప్పం బళ్ళ నుంచి పిల్లలు వస్తారు. మామ రాసిన "అమ్మ దిగిన బస్సు" కొత్త అచ్చు ఆ రోజే విడుదల. ఆ కథలో చిన్ని మీరేనని లోకమంతటికీ తెలుసు కదా. చిన్ని వేదిక మీద ఉండాలని సంఘం వాళ్ళ కోరిక. వాళ్ళకంటే నాకు ఎక్కువ కోరిక.

ఎందుకో చెబుతాను. నా చిన్నతనంలోనే మా అమ్మ పోయింది. అప్పుడు పలమనేరులో మా టీచరమ్మ ఆ పుస్తకం నా చేతిలో పెట్టింది. అమ్మ ఇంక రాదన్న అబద్ధం విని చిన్ని బస్టాండులో పొద్దంతా కూర్చుంటుంది చూడండి, ఆ పేజీలు చదువుతూ వెక్కి వెక్కి ఏడ్చేదాన్ని. చివర అమ్మ ఆకుకూరల మూటతో బస్సు దిగేసరికి నాకూ కడుపు చల్లబడేది. మా అమ్మ దిగదని తెలుసు. అయినా మళ్ళీ మొదటి పేజీకి పోయేదాన్ని. ఆ కథ లేకపోతే ఆ ఏడాది నేనేమైపోయేదాన్నో! ఆ రాసిన మనిషి ఇంటికే కోడలిగా వస్తానని కలలోనైనా అనుకున్నానా? పెళ్ళిచూపుల్లో మీ తమ్ముణ్ణి సరిగ్గా చూడనే లేదు, మామనే చూస్తూ కూర్చున్నాను. ఈ మాట మీ తమ్ముడికి చెప్పకండి.

మామ ఇప్పటికీ అలాగే ఉన్నారు. తెల్ల జుబ్బా, జేబు నిండా పిల్లలకిచ్చే బెల్లం మిఠాయి, కమర్‌కట్టు. వీధిలోకి పోతే పిల్లలు "కథల తాతా" అంటూ వెంటపడతారు. "పిల్లల కన్నీళ్ళు నేల మీద పడనివ్వకూడదు" అన్న ఆయన మాట బళ్ళ గోడల మీద రాసి పెట్టుకున్నారు. మా పాప భరణి సాయంత్రమైతే ఆయన గది వదిలి రాదు.

మీ తమ్ముడు మాత్రం, "రాదులే. అమ్మ పోయినప్పుడే రాని మనిషి సన్మానానికి వస్తుందా?" అన్నారు. ఆ సంగతి నాకు తెలీదు. ఈ ఇంట్లో ఎవరూ చెప్పరు, నేనూ గుచ్చి అడగను. పెద్దాయన ఇంకెన్నాళ్ళుంటారు? రండి వదినా.

మీ అమృత

*

హోసూరు,
ఫిబ్రవరి 2

అమృతా,

ఉత్తరం అందింది. నేను రాను. సంఘం వాళ్ళకు జ్వరమని చెప్పు, కంపెనీలో ఆడిట్ అని చెప్పు, నీకేది సులువైతే అది. కథలు అల్లడం ఆ ఇంట్లో ఎవరికీ కొత్తగా నేర్పనక్కర్లేదు.

నీ మీద నాకే కోపమూ లేదు. మంచిదానివని రాతలోనే తెలుస్తోంది. ఫోన్ మాత్రం చేయకు. ఆ ఇంటి నంబరు కనిపిస్తే ఫోన్ బోర్లా తిప్పేస్తాను. రాయాలనిపిస్తే ఇట్లాగే రాయి. కాగితానికి గొంతుండదు, అది నాకు నయం.

రెండు మాటలు అడుగుతాను. భరణికి ఎన్నేళ్ళు? నాయన ఈమధ్య మళ్ళీ ఏమైనా రాస్తున్నాడా?

ధన్య

*

కృష్ణగిరి,
ఫిబ్రవరి 18

వదినా,

మీ ఉత్తరం పచ్చిమిరపకాయ కొరికినట్టుంది. పర్వాలేదు, నేను పలమనేరుదాన్ని, కారం అలవాటే.

భరణికి ఆరేళ్ళు నిండాయి. బళ్ళో అరవం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు మామే దగ్గర కూర్చోబెట్టుకుని దిద్దిస్తున్నారు, మీకు దిద్దించినట్టే. మీ రెండో ప్రశ్నకు తీపి కబురే చెబుతాను. మామ మళ్ళీ రాస్తున్నారు! అత్తమ్మ పోయాక ఏదో ఒక వ్యాసం తప్ప ఒక్క కథా రాయలేదట కదా. ఇప్పుడు రోజూ పొద్దున్నే బల్ల ముందు కూర్చుంటున్నారు. సన్మానం నాటికి కొత్త పుస్తకం రావాలని పట్టుదల. "అంతా నా మనవరాలి పుణ్యం" అంటారు.

మొన్న జరిగింది చెబితే మీకు ఆయన మీద కోపం పోతుంది. ఇంటి కింద మన చింతపండు మండీలో ఒక బూడిద రంగు పిల్లికూన చేరింది. భరణి దానికి బూది అని పేరు పెట్టి పక్కలో పడుకోబెట్టుకునేది. పోయిన వారం అది కనబడకుండా పోయింది. పిల్ల అన్నం ముట్టలేదు. మీ తమ్ముడు "పిల్లి పోతే ఇంకో పిల్లి" అని కిందికి దిగిపోయారు. మామ మాత్రం భరణిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కళ్ళు మూసుకుని, ఎంత ఓపికగా అడిగారో! "ఇప్పుడు నీకెట్లుంది బంగారూ? లోపల యాడ నొప్పి? గొంతులోనా, కడుపులోనా?" అని. అది వెక్కుతూ ఏదేదో చెబుతుంటే ఒక్క మాటకూ అడ్డు రాలేదు. మర్నాడు మామే గోడౌన్లో బస్తాల వెనక నుంచి బూదిని పట్టుకొచ్చి దాని చేతుల్లో పెట్టారు. పిల్ల ముఖం చూడాల్సింది! నేను గడప దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకున్నాను. ఇట్లాంటి తాత ఎంతమందికి దొరుకుతాడు?

ఒక్కటే తంటా. అప్పటి నుంచి భరణి బడికి పోయేటప్పుడు పిల్లిని బీరువాలో పెట్టి తాళం వేయమంటోంది. పిల్లచేష్టలు!

అమృత

*

హోసూరు,
మార్చి 1

అమృతా,

నీ ఉత్తరం కంపెనీ క్యాంటీన్లో చదివాను. ప్లేటు అట్లాగే వదిలేసి లేచిపోయాను.

పిల్లికూన దానంతటది పోలేదు. బస్తాల వెనక పెట్టింది ఆయనే. నాకెట్లా తెలుసంటావా? ఆయన పని చేసే పద్ధతే అది. ఇన్నేళ్ళూ ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్పినా నమ్మరు. ఆరేళ్ళ పిల్ల ఉంది కాబట్టి చెబుతున్నాను.

పిల్లలకు ప్రాణమైనదేదో ముందు కనిపెడతాడు. దాన్ని దాచేస్తాడు, లేదంటే పోయిందని చెబుతాడు. ఆ తర్వాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని, కళ్ళు మూసుకుని వింటాడు. లోపల యాడ నొప్పి అని అడుగుతాడు. ఏడ్చే పిల్ల నోట్లోంచి వచ్చే మాట ఒక్కటి కూడా పొల్లు పోనివ్వడు. "గొంతులో ఈతగింజ ఇరుక్కున్నట్టుంది నాయనా" అన్నాను ఒకసారి. ఆ వాక్యం నీకు కంఠతా వచ్చి ఉంటుంది, పాఠ్యపుస్తకంలో కూడా పెట్టారు. కావలసినంత విన్నాక పోయిన వస్తువు తిరిగొస్తుంది, చేతిలో కమర్‌కట్టు పడుతుంది. మర్నాడు మేము చప్పుడు చేస్తే అమ్మ మా నోరు మూసేది. "గలాటా చేయొద్దండి, నాయన రాస్తా ఉండాడు."

అమర్‌కు నాలుగేళ్ళప్పుడు వాణ్ణి గోడౌన్లో పెట్టి బయట గొళ్ళెం వేశాడు. తలుపుకు చెవి ఆనించి కూర్చున్నాడు. వాడు చీకట్లో భయపడి ఎలుకలతో మాట్లాడాడు. అదే "ఎలుక మామ". ఇప్పుడు బళ్ళో దాన్ని నాటకంగా వేస్తారు, ఎలుక వేషానికి పిల్లలు పోట్లాడుకుంటారు. వాడు నిక్కరు తడుపుకున్నాడని మాత్రం ఆ పుస్తకంలో లేదు. మీసాలు వచ్చేదాకా వాడు దీపం లేకుండా పడుకోలేదు.

ఇంక నీ ప్రాణమైన కథ. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. అమ్మ ఏదో పని మీద ఉద్దనపల్లికి, తన పుట్టింటికి పోయింది. నేను బడి నుంచి వచ్చేసరికి నాయన గడపలో కూర్చుని ఉన్నాడు. "మీ అమ్మ ఇంక రాదమ్మా. బస్సు బోల్తా పడింది" అన్నాడు. ఎంత నెమ్మదిగా అన్నాడో! మర్నాడు పొద్దునదాకా నన్ను ఒళ్ళోంచి దించలేదు. ముఖం తుడిచాడు, నీళ్ళు తాగించాడు, అడుగుతూనే ఉన్నాడు. నా జన్మలో ఆయన నాతో అంత ప్రేమగా ఉన్నది ఆ ఒక్క రోజే.

పొద్దున అమ్మ ఆకుకూరల మూటతో ఇంటికొచ్చింది. కథలో చిన్ని పరుగెత్తుకుపోయి కొంగు పట్టుకుంటుంది కదా. నేను పోలేదు. వంటింట్లో దూరి బానల వెనక దాక్కున్నాను. చచ్చిపోయిన మనిషి నడిచొస్తే ఏ పిల్లైనా చేసే పని అదే. ఆ పరుగు నాది కాదు, ఆయన కల్పన. సంగతి తెలిసి అమ్మ ఆయనకు ఆ రోజు అన్నం పెట్టలేదు. ఆమె చేయగలిగిన యుద్ధం అంతే. తర్వాత నన్ను వెంటబెట్టుకోకుండా ఎప్పుడూ ఊరికి పోలేదు.

కథలో ఆ అబద్ధం చెప్పేది చిల్లరకొట్టు ముసలమ్మ. కన్నీళ్ళు తుడిచేది నాన్న. ఆ ముసలమ్మను తిట్టుకోని పిల్ల ఉండదు.

నిన్ను వేడుకుంటున్నాను. భరణిని ఆయన దగ్గర ఒంటరిగా వదలకు. ఆయన పిల్లితో ఆగే మనిషి కాదు.

ధన్య

*

కృష్ణగిరి,
మార్చి 12

ధన్యగారికి,

మీ ఉత్తరం మీ తమ్ముడికి చూపించాను. "అక్క మొదటినుంచీ అంతే, గోరంత దాన్ని కొండంత చేస్తుంది" అని నవ్వారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని మండీకి దిగిపోయారు. ఆ మధ్యాహ్నం భోజనానికి పైకి రాలేదు.

ఒక్కటి అడుగుతాను. మామ మీ మీద ఎప్పుడైనా చెయ్యెత్తారా? తిండి పెట్టలేదా, చదివించలేదా? మా నాన్న అమ్మ పోయిన ఏడాదికే ఇంకో పెళ్ళి చేసుకుని నన్ను మేనత్త ఇంట్లో పడేశాడు. నా గొంతులో ఏముందని అడిగిన దిక్కు లేదు. మీరేమో ఒళ్ళో కూర్చోబెట్టుకుని అడిగిన తండ్రిని దొంగను చేస్తున్నారు. చిన్నప్పుడు ఏదో ఆట పట్టించి ఉంటారు. పెద్దవాళ్ళు పిల్లల్ని ఏడిపించి నవ్వడం ఏ ఇంట్లో లేదు?

పోనీ, అదంతా నిజమే అనుకుందాం. అందుకని కన్నతల్లి చివరి చూపుకు కూడా రాకపోతారా? నిన్న మీ తమ్ముణ్ణి గట్టిగా అడిగితే చెప్పారు. అత్తమ్మ పోయిందని ఫోన్ చేస్తే మీరు నవ్వారట. నవ్వారట! అలాంటి మనిషి నా బిడ్డను ఎట్లా పెంచాలో నాకు చెప్పాలా?

సంఘం వాళ్ళకు మీకు జ్వరమని చెప్పేశాను. ఇంక రాయకండి.

అమృత

*

హోసూరు,
మార్చి 19

అమృతా,

నవ్వాను. అమర్ అబద్ధం చెప్పలేదు. ఎందుకు నవ్వానో వినేసి ఈ కాగితం చించెయ్యి.

ఆ రోజు షిఫ్టు దిగి బాగలూరు రోడ్డులో షేర్ ఆటోలో ఉన్నాను. ఫోన్ మోగింది. "అక్కా, అమ్మ పోయింది" అన్నాడు అమర్. వాడి గొంతు బొంగురుపోయి ఉంది. ఎట్లా, ఎప్పుడు అని అడగబోతుండగా ఫోన్ నాయన తీసుకున్నాడు. అమ్మ ఇంకా అదే గదిలో మంచం మీద ఉండి ఉంటుంది. ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఇది: "ధన్యా, ఇప్పుడు నీకెట్లుందమ్మా? లోపల యాడ నొప్పి?"

ఆ ప్రశ్న విన్నాక నేనేమనుకోవాలి? నువ్వే చెప్పు. కలం సాగక అందరి మీదా కసురుకుంటున్నాడని అంతకు ముందే అమ్మ నాతో అంది. మళ్ళీ మొదలుపెట్టాడు, ఈసారి తమ్ముణ్ణి కూడా కలుపుకున్నాడు అనుకున్నాను. ఆటోలో అందరూ వినేటట్టు నవ్వాను. "నాకిప్పుడు ఎనిమిదేళ్ళు కాదు నాయనా, వేరే పిల్లను చూసుకో" అని పెట్టేశాను. తర్వాత అమర్ ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు. అమ్మకు చేద్దామని ఒకసారి వేలు పోయింది. చేస్తే ఆయన వలలో పడ్డట్టే కదా అని ఆపుకున్నాను. ఆ వేలిని నరుక్కోవాలనిపిస్తుంది ఇప్పుడు.

అంతా అయిపోయాక పక్కింటి మంజులమ్మ కృష్ణగిరి నుంచి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వాకిట్లో నిలబడి, "ఏం ఆడదానివే నువ్వు! కన్నతల్లి నోట్లో నాలుగు బియ్యం గింజలు వేసేదానికి కూడా రాకపోతివే" అని భోరుమంది. అప్పుడు తెలిసింది నాకు.

ఆ తర్వాత ఆదివారం పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది, అదే నువ్వు చెప్పిన ఆ "ఏదో ఒక వ్యాసం". పేరు "నవ్విన కూతురు". నా నవ్వును ఎంత బాగా వర్ణించాడో! చదివినవాళ్ళందరూ ఆయన కోసం ఏడ్చారట. కంపెనీలో తెలుగువాళ్ళు నన్ను చూసి పక్కకు తప్పుకునేవారు. ఆయన అడిగిన ఆ ప్రశ్న మాత్రం వ్యాసంలో లేదు.

మా అమ్మ కోసం నేను ఈ రోజుకీ ఏడవలేదు. ఏడుపు రాదు. పోయిందన్న మాట లోపలికి దిగదు. ఉద్దనపల్లి బస్సు వస్తే దిగేవాళ్ళను చూస్తూ నిలబడతాను. నాకు జరిగిన అన్యాయం ఇది, అమృతా. చిన్నప్పుడు ఒక రోజు ఏడిపించడం కాదు.

ధన్య

*

కృష్ణగిరి,
ఏప్రిల్ 22

వదినా,

రాయొద్దని అన్నది నేను. మళ్ళీ రాస్తున్నదీ నేనే. నా ముఖం మీరు చూడకపోవడమే మంచిదైంది.

నిన్న మత్తూరు బళ్ళకు ఆహ్వానాలు ఇవ్వడానికి పోయాను. పని త్వరగా తెమిలి, అనుకున్నదానికంటే ముందే తిరిగొచ్చాను. మిద్దె మెట్లెక్కుతుంటే భరణి ఏడుపు వినిపించింది. మారాం చేసే ఏడుపు కాదు. ఊపిరి అందని ఏడుపు. "అమ్మ రాదా తాతా? ఇంకెప్పుడూ రాదా?" అంటోంది. మామ గొంతు వినిపించింది. "రాదు బంగారూ. మత్తూరు కాడ బస్సు పడిపోయిందంట. చెప్పు, లోపల యాడ నొప్పి?"

నేను తలుపు దగ్గర నిలబడిపోయాను. వెంటనే లోపలికి దూకాల్సిందాన్ని, దూకలేదు. ఆయన గొంతు అంత తియ్యగా ఉంది వదినా. నా చిన్నప్పుడు ఇట్లా అడిగే మనిషి ఒకరుంటే ఎంత బాగుండేది అనుకున్నాను. ఏడుస్తున్నది నా బిడ్డ అన్నది ఒక క్షణం మరిచే పోయాను. తలుచుకుంటే ఒళ్ళు చచ్చిపోతోంది సిగ్గుతో.

ఇంతలో భరణి, "నోట్లో నాలుక లేనట్టుంది తాతా" అంది. ఆయన "ఆహా" అన్నారు. మంచి పాట విన్నవాళ్ళు అన్నట్టు అన్నారు. అది విని తలుపు తోశాను.

పిల్ల ఎగిరొచ్చి నన్ను చుట్టుకుంటుందనుకున్నాను. తాత మెడ కరుచుకుని ముఖం దాచేసుకుంది.

మామ కంగారుపడలేదు. నేను అరిచాను, నోటికొచ్చినట్టు అన్నాను. అంతా విని, "కూర్చో అమృతా" అన్నారు. "చిన్నప్పుడు నీకు ఆ పుస్తకం లేకపోయుంటే ఏమైపోయుందువు? నువ్వే చెప్పినావు కదమ్మా నాకు. ఒక బిడ్డ ఒక పూట ఏడిస్తే ఎంతోమంది బిడ్డలకు ఏడుపు ఆగతాది. ఆ మాటలు ఊరికే వస్తాయనుకుంటివా?"

ఆయన అన్నది నిజమే. నన్ను ఊరడించింది మీ ఏడుపే. ఇన్నేళ్ళూ నేను దాన్ని తిని బతికాను. మీకు ఆ రోజు అన్ని మాటలు రాసింది కూడా ఆ తిండి బలంతోనే.

కిందికి దిగి మీ తమ్ముణ్ణి అడిగాను. మండీలో ఆయన కూర్చునే చోటికి మిద్దె మీది ఏడుపు బాగా వినిపిస్తుంది. తల ఎత్తలేదు. "నాకూ వినబడింది. సన్మానం అయ్యేదాకా ఓర్చుకో. ఇంకొక్క కథైతే బుక్కు పూర్తవుతాది. ఆ పైన నేనే చెప్తా నాయనకు" అన్నారు. నాలుగేళ్ళప్పుడు తలుపు లోపల ఉన్నవాడు, ఇప్పుడు బయట కాపలా ఉన్నాడు. ఆయన మీద నాకు జాలి కూడా రాలేదు.

మేమిద్దరం మీ దగ్గరికి రావచ్చా?

అమృత

*

హోసూరు,
ఏప్రిల్ 25

అమృతా,

అడగాల్సిన పనే లేదు. రండి. బస్టాండులో దిగి బాగలూరు రోడ్డు షేర్ ఆటో ఎక్కు, రెండో స్టాపులో పాల డెయిరీ పక్క సందు. పిల్లిని కూడా తెచ్చుకోండి.

భరణి నీ దగ్గరికి రాకపోతే బలవంతంగా లాక్కోకు. నన్ను అమ్మ లాక్కోలేదు. రోజూ పక్కన కూర్చుని ఊరికే కాయగూరలు తరిగేది. చాలా రోజుల తర్వాత నేనే పోయి ఆమె కాలు మీద తల పెట్టుకున్నాను.

నీ మీద కోపం ఉందా అని అడగకు. ఉంది. అయినా రా.

ధన్య

*

కృష్ణగిరి,
మే 19

వదినా,

భరణిని మీ దగ్గర వదిలి బస్సెక్కుతున్నప్పుడు ఏమన్నానో గుర్తుంది కదా. వేదిక మీద అందరి ముందూ చెప్పేస్తానన్నాను. మీరు "చెప్పలేవు" అన్నారు. నాకు రోషమొచ్చింది. మీ మాటే నిజమైంది.

నిన్న మండపం నిండా పిల్లలే. ప్రతి ఒళ్ళోనూ ఆ పుస్తకం. మామ పట్టుపంచె కట్టుకుని, ప్రతి పిల్ల పేరూ అడిగి కమర్‌కట్టు ఇచ్చారు. కొత్త పుస్తకం కూడా వచ్చేసింది, "బూది". అట్ట మీద మా భరణి ముఖమే, చెంప మీద ఒక కన్నీటి చుక్క. మీ తమ్ముడు పూలదండ మోసుకుంటూ అటూ ఇటూ తిరిగారు. సంఘం వాళ్ళు నన్ను కోడలిగా నాలుగు మాటలు మాట్లాడమన్నారు.

మైకు పట్టుకున్నాను. మొదటి మాట గొంతులోకి వచ్చింది కూడా. ముందు వరసలోంచి ఒక పాప లేచి, "అక్కా, చిన్ని వాళ్ళమ్మ నిజంగానే వచ్చిందా?" అంది. పక్కన వాళ్ళ టీచరు నాకు కళ్ళతో సైగ చేసింది. ఆ పాపకు ఈమధ్యే తల్లి పోయిందట, అంతకు ముందే చెప్పింది నాతో. పుస్తకాన్ని ఎదకు అదుముకుని నిలబడి ఉంది. నన్నే చూస్తున్నట్టుంది.

"వచ్చిందమ్మా" అన్నాను. "చిన్ని పరుగెత్తుకుపోయి కొంగు పట్టుకుంది."

చప్పట్లు ఆగలేదు. మామ నా వైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు. నేను కిందికి దిగి వెనక పెరటి దారిన ఇంటికి వచ్చేశాను.

భరణిని ఈ ఇంటికి తేను. ఆ మాట మీ తమ్ముడికి ముఖం మీదే చెప్పాను. ఊ అన్నారు, అంతే. బళ్ళో దాని టీసీ తీసుకుని రెండు మూడు రోజుల్లో వచ్చేస్తాను. హోసూరులోనే ఏదో ఒక పని వెతుక్కుంటాను. మీ దగ్గరికి వచ్చాక పిల్ల ఒక్కసారి కూడా ఏడవలేదు. పక్కింటి అముదతో ఆడుకుంటోంది. నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే.

అమృత

*

హోసూరు,
మే 22

అమృతా,

ఆ పాపకు నువ్వు చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. నేనున్నా అదే చెప్పి ఉంటాను. ఆయన మనల్ని గెలిచేది ఎప్పుడూ అక్కడే.

ఇది రాయాలా వద్దా అని నిన్న రాత్రంతా కొట్టుమిట్టాడాను. దాచడం ఆ ఇంటి అలవాటు, అందుకని రాస్తున్నాను.

నిన్న సాయంత్రం నేను పని నుంచి వచ్చేసరికి మన వసారాలో అముద ఏడుస్తోంది. పక్కింటి కుమారేశన్ కూతురు, మన భరణి ఈడుది. వాళ్ళమ్మ గ్రానైట్ కంపెనీలో పని చేస్తుంది, ఇంకా ఇంటికి రాలేదు. ఆ పిల్ల ఊపిరాడక ఎగపీలుస్తోంది. భరణి దాని తల ఒళ్ళో పెట్టుకుని జుట్టు నిమురుతోంది. కళ్ళు రెండూ మూసుకుని ఉంది. "ఉళ్ళె ఎంగ వలిక్కుది?" అని అడుగుతోంది. లోపల యాడ నొప్పి అని, ఆ పిల్లకు అర్థమయ్యేటట్టు అరవంలో.

ఏమైందని అడిగాను. వాళ్ళమ్మ రాళ్ళ కింద పడి చచ్చిపోయిందని భరణే చెప్పిందట.

కుమారేశన్‌తో ఫోన్ చేయించి అముదకు వాళ్ళమ్మ గొంతు వినిపించాను. ఆమె అవతల నుంచి నవ్వుతూ మాట్లాడుతూనే ఉంది. ఆ పిల్ల నమ్మలేదు. ఫోన్ నేలకేసి కొట్టి ఇంకా గట్టిగా ఏడ్చింది. కుమారేశన్‌కు మన ఇంటి సంగతి ఉన్నదున్నట్టు చెప్పాను, ఎవరి మనవరాలో కూడా చెప్పాను. "కథల తాతనా? ఛ, అట్లా మాట్లాడొద్దండి అక్కా. ఏదో చిన్నపిల్ల ఆటకు అనింది" అని బిడ్డను ఎత్తుకుని పోయాడు.

భరణిని కూర్చోబెట్టి అడిగాను, ఎందుకు చేసినావే అని. దాని ముఖంలో భయం లేదు, దొంగచూపు లేదు. "వాళ్ళమ్మ వచ్చేస్తుంది కదత్తా, అప్పుడు ఎంత సంతోషమో దానికి" అంది. ఆ తర్వాత నా చెవి దగ్గరికి వచ్చి, "అముద భలే మాట చెప్పిందత్తా. కడుపులో కోడిపిల్ల పరుగెత్తినట్టుందంట. మరిచిపోకముందే తాతకు చెబుదామా?" అంది.

తాత మీద బెంగ పెట్టుకుని ఉంది, అమృతా. ఆయనకు ఏదో ఒకటి తీసుకుపోయి ఇవ్వాలని ఉంది దానికి.

దాన్ని దగ్గరికి తీసుకోవాలనే అనుకున్నాను. అది కూడా చేతులు చాపింది. నా చేతులు లేవలేదు. ఎంతసేపు నిలబడిందో పాపం, తర్వాత తనే పోయి పడుకుంది.

టీసీ తర్వాత చూసుకోవచ్చు. నువ్వు ముందు రా. ఈ పిల్లను ఎత్తుకోవడం నాకు చేతకావడం లేదు.

ధన్య